కొబ్బరి మొద్దుల గోడ

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు టీ వచ్చింది. మా యార్డుకు టీ రోజూ ఆ వేళకే వచ్చేది. ఆ రోజు మా బావ గ్లాసు అందుకోలేదు. కంపోస్టు కుప్ప అంచున మట్టి గోకి, బొటనవేలంత తెల్ల పురుగునొకదాన్ని బయటకు తీసి, ఖాళీ గోనె సంచి మీద పెట్టి, దాని ముందు గొంతుకూర్చున్నాడు.

బావ అన్నానని చుట్టరికం అనుకోకండి. మా వైపు పనిలో కలిసిన వాళ్లంతా బావలూ మావలే. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. అక్కుపల్లి పక్క పల్లెలో పుట్టి, ముప్పై ఏళ్లు కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీశాడు. కిడ్నీలు పాడయ్యాక చెట్లెక్కడం మాని మాతో చేరాడు. ఉద్దానంలో ఆ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, పలాసలో డయాలసిస్. మిగిలిన రోజులు పని. నీళ్లు కొలుచుకుని తాగే మనిషి కాబట్టి టీ కూడా సగం గ్లాసే.

"ఏటి బావా, టీ సల్లారిపోతంది," అన్నాను.

"ఇది సూడు. దీని నడక సూడు."

చూశాను. అది నడవడం లేదు. పక్కకు పడి, కొడవలిలా ముడుచుకుని ఉంది.

"గత్తంలో మంచి పురుగు ఎల్లకిలా పాకుతాది బావా. ఈపు మీద పాకుతాది. ఇది అలాగ పాకట్నేదు. ఇది కొమ్ము పురుగు పిల్ల," అన్నాడాయన.

గత్తం అంటే మా వైపు పశువుల ఎరువు. కొమ్ము పురుగు అంటే కొబ్బరి చెట్టు మొవ్వులో దూరి, లేత ఆకును పుట్టకముందే నమిలేసే నల్ల పురుగు. ముదురు చెట్టుకు అది తలనొప్పి. లేత మొక్కకు చావు.

నేను ఆ యార్డుకు సూపర్‌వైజర్ని. అంతకుముందు పదకొండేళ్లు నర్సరీలో పని చేసినవాణ్ని. పైగా చదివే అలవాటున్నవాణ్ని. కుప్పలో కనిపించే తెల్ల పురుగులు ఆకును నమిలి ఎరువు చేస్తాయని, వాటిని చంపవద్దని ఒక పుస్తకంలో చదివాను. ఆ మాటే ఆయనతో అన్నాను. పుస్తకం రాసినవాళ్లకు తెలియకుండా రాస్తారా అని కూడా అన్నాను.

"రాసినోడు మన కుప్ప సూసినాడేటి?" అన్నాడు.

బావ ఇక వాదించలేదు. సగం గ్లాసు టీ తాగి పనిలోకి వెళ్లిపోయాడు. నేను ఆ పురుగును తీసి మళ్లీ కుప్పలోనే వేశాను. ఇది నేనే చేశాను, ఇంకెవరూ చేయలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు ఆ కుప్ప సంగతి కొంచెం చెప్పాలి. మాది పలాసలో ఒక చిన్న తోట పనుల సర్వీసు. జీడి వ్యాపారుల ఇళ్లు, ఒక ఆసుపత్రి, టెక్కలిలో ఒక స్కూలు, నందిగాం దారిలో రెండు ఫాంహౌసులు. గడ్డి కోయడం, కంచె మొక్కలు కత్తిరించడం, ఎండు కమ్మలు దింపడం మా పని. పోగైన ఆకూ కొమ్మా అంతా సాయంత్రం ట్రాలీ ఆటోలో ఊరి బయటికి తీసుకెళ్లి తగలబెట్టేవాళ్లం. తోట శుభ్రంగా ఉండేది. పొగ ఎవరి ముక్కులోకి వెళ్తుందో మేం అడగలేదు.

అడిగింది టెక్కలి స్కూలు హెడ్మిస్ట్రెస్. మా స్కూలు చెట్ల ఆకును మీరు రోడ్డు పక్క కాలుస్తుంటే మా పిల్లలే బస్సులోంచి చూస్తున్నారు, వాళ్లకు నేను పర్యావరణం పాఠం ఎలా చెప్పేది అని అడిగింది. కాల్చడం మానకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటానంది. మానేస్తామని మా యజమాని తరఫున నేనే మాటిచ్చాను. వజ్రపుకొత్తూరు దారిలో కొంత జాగా అద్దెకు తీసుకుని అక్కడ కంపోస్టు మొదలుపెట్టాం. పచ్చాకు ఒక వరస, ఎండాకు ఒక వరస, పేడ నీళ్లు, మళ్లీ అదే. జీడి ఆకు తొందరగా చీకదు. దాన్ని తొక్కి ముక్కలు చేసి వేయాలని రెండు నెలలు పాడైతే గాని తెలియలేదు. ఏడాది తిరిగేసరికి ఏ ఇంటి నుంచి ఆకు తెచ్చామో ఆ ఇంటి మొక్కలకే ఎరువు తిరిగి ఇవ్వగలిగాం. అది చిన్న విషయం కాదు. ఇప్పటికీ కాదనే అంటాను.

ఇక గోడ. పెద్ద తుఫానుకు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో మీలో చాలామందికి తెలుసు. రెండేళ్లు గడిచినా మొద్దులు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. పట్టుకుపోండి బాబూ అని తోటల వాళ్లే బతిమాలేవారు. కుప్పలకు అడ్డుగోడలు కావాలి, ఇటుక కొనడం ఎందుకని, మొద్దులను ఒకదాని మీద ఒకటి పేర్చి నాలుగు గదులు కట్టించాను. ఆలోచన నాదే. చూసినవాళ్లంతా బాగుందన్నారు. మా యజమాని వచ్చినవాళ్లందరినీ ఆ గోడ ముందు నిలబెట్టి ఫొటోలు తీయించేవాడు. నా ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పులో సగం ఆ గోడ వల్లే దక్కింది.

కుప్ప నడుమ ఆకును పార, పంగలకర్రతో తిరగేసేవాళ్లం. గోడ అంచున పంగలకర్ర పట్టదు. అక్కడి ఆకు కదలదు. మొద్దులు అసలే కదలవు. తడి, నీడ, చీకిన కొబ్బరి చెక్క, పక్కనే మెత్తని ఎరువు. కొమ్ము పురుగుకు ఇంతకంటే మంచి ఇల్లు మనం కావాలని కట్టినా కట్టలేం.

యార్డు వెనక కంచెకు అవతల ఒకామెది కొబ్బరి తోట. తుఫాను పోయాక ఆ తోటలో నిలబడినవి నాలుగు చెట్లు. ఆమె డెబ్బై రెండు మొక్కలు మళ్లీ నాటుకుంది. అప్పటికి వాటికి మూడో ఏడు. భర్త హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. తుఫాను తర్వాతే వెళ్లాడు. కాయ పడిన ఏడు ఆయన్ను తిరిగి రప్పించేసుకుంటానని ఆమె కంచె మీంచి మాకు చాలాసార్లు చెప్పింది. ఒక మొక్క పోతే మళ్లీ నాటి మళ్లీ ఐదారేళ్లు ఆగాలి. ఆమె లెక్క అంతా ఆ మొక్కల మీదే ఉంది.

తొలకరి పడిన పది రోజులకు ఆమె ఒక కొబ్బరి కమ్మ పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. ఆకులన్నీ ఒకే గీతన, కత్తెరతో విసనకర్రలా కోసినట్టు ఉన్నాయి.

ఆ కోత నాకు తెలుసు. నర్సరీలో పని చేసిన ఎవరికైనా తెలుసు. మొవ్వులో ఆకు ముడుచుకుని ఉన్నప్పుడే పురుగు అడ్డంగా నమిలితే, విప్పుకున్నాక అలా కనపడుతుంది. గోనె సంచి మీద ముడుచుకున్న పురుగు అప్పుడు నాకు గుర్తొచ్చింది.

నేను నోరు విప్పేలోపే ఆమె తన తప్పు ఒప్పేసుకుంది. కొమ్ము పురుగు పెంట గోతుల్లో పుడుతుందని ఎవరో చెప్పారట. తోట మూల తన గత్తం గొయ్యి ఉంది. రెండేళ్లుగా తోడలేదు.

"నా గొయ్యిదే బాబూ ఇది. నా బద్దకమే. తోడించేమంటారా?"

తోడించడం మంచిదే అమ్మా, అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. ఎప్పుడైనా ఎవరికైనా చెప్పదగిన సలహా అది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను కొన్ని అబద్ధాలు కూడా ఆడాను. వాటిలో ఏదీ ఈ నిజంలా నన్ను వెంటాడలేదు.

ఆమె, ఆడబిడ్డ కలిసి రెండు రోజులు గత్తం మోశారు. తట్టలతో మోసి తోట గట్టు మీద ఎండలో పరిచారు. నేను ఆ రెండు రోజులూ కంచెకు ఇవతల కుప్పలకు నీళ్లు పెట్టిస్తూ ఉన్నాను. ఒకసారి ఆమె తట్ట దించి నడుం మీద చేయి వేసుకుని నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

రెండో రోజు శుక్రవారం. మా బావ ఆసుపత్రిలో ఉన్నాడు. శనివారం పొద్దున్న వస్తూ దారిలో ఆమె గట్టు మీద పరిచిన గత్తం దగ్గర ఆగాడట. యార్డులోకి వచ్చి నా కుర్చీ ముందు నిలబడ్డాడు. డయాలసిస్ మర్నాడు ఆయన ముఖం పాలిపోయి ఉంటుంది, మాట మాత్రం నెమ్మదిగా తేటగా ఉంటుంది.

"ఆయమ్మ గొయ్యిలో పురుగులున్నాయి బావా. అన్నీ ఎల్లకిలా పాకేవే. మంచివి. కోళ్లు ఏరుకు తినేత్తన్నాయి."

ఆయన మొద్దుల గోడ వైపు తిరిగాడు.

"ఆవిడ గొయ్యి తవ్వించినావు. మన గోడ తవ్వవేటి?"

ఆయన పుస్తకం సంగతి ఎత్తలేదు. నేనప్పుడు చెప్పాను కదా అనలేదు. ఆ మాట అనడానికి ఆయనకు పూర్తి హక్కుంది. నేనైతే అనేవాణ్ని.

ఇంటికి వెళ్లి ఆ పుస్తకం తీశాను. నేను చదివిన పేజీ తర్వాతి పేజీలో రెండు రకాల పురుగుల బొమ్మలున్నాయి. వెల్లకిలా పాకేది మేలు చేస్తుంది, ముడుచుకుని పక్కకు పడేది కొబ్బరికి హాని చేస్తుంది అని రాసి ఉంది. పుస్తకం తప్పు లేదు. నేను పేజీ తిప్పలేదు.

యజమానికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఆదివారం ట్రాక్టరు పెట్టి మొద్దులు, కుప్పలు అన్నీ ఎత్తించి దూరంగా ఎక్కడైనా కాల్చేద్దామన్నాడు. కంపోస్టులో కొబ్బరి పురుగు పుట్టిందని బయటికొస్తే మన చుట్టూ ఉన్నవాళ్లంతా మళ్లీ అగ్గిపెట్టె పట్టుకుంటారు, స్కూలూ పోతుంది, యార్డూ పోతుంది, నువ్వు మూడేళ్లు చేసింది గాలికి పోతుంది అన్నాడు. అందులో నిజం ఉంది. ఆ నిజం నాకు రెండు రోజులు చాలా ఉపయోగపడింది. ఆ రెండు రోజులూ ఆమె మొక్కల్లో పురుగు తింటూనే ఉంది.

ట్రాక్టరు వద్దని యజమానికి చెప్పేశాను. సోమవారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లి, రేపొద్దున్న మా గోడ విప్పుతున్నాం, మీరొకసారి రావాలమ్మా అన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను. మంగళవారం ఆమె ఒక తాడు, పాత చీర ముక్క పట్టుకుని వచ్చింది. మొద్దులు కట్టెలకు పంచుతున్నామనుకుంది. మా బావ కూడా వచ్చాడు. ఆసుపత్రికి పది గంటల బస్సుకు పోతానన్నాడు.

మొదటి మొద్దు దొర్లించాం. పైకి గట్టిగానే ఉంది. అడుగున గునపం వేస్తే నానిన రస్కులా ఊడి వచ్చింది. లోపల పురుగులు. బొటనవేలంతవి, చిటికెన వేలంతవి, అన్నీ ముడుచుకుని. గూళ్లలో పక్వానికొచ్చిన నల్లవి, కొమ్ములతో. రెండో మొద్దు అలాగే. మూడోది అలాగే. పని చేస్తున్నవాళ్లు వాటిని బకెట్లలోకి ఏరారు. బకెట్ల అడుగున పురుగులు పడుతున్న చప్పుడే వినపడింది.

ఆమె తాడు కింద పెట్టింది.

మీ గొయ్యిలో తప్పేమీ లేదమ్మా అని చెప్పాను. పురుగు ఇక్కడ పుట్టిందని, మీరు కమ్మ తెచ్చి చూపించిన రోజే నాకు అనుమానం వచ్చిందని, చెప్పలేదని చెప్పాను. నిలబడే చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఇంకో బరువు ఆమె నెత్తిన పెట్టినట్టు అవుతుందనిపించింది.

ఆమె ముందు మొద్దుల వైపు చూసింది.

"వీటిల్లో పదో పదకొండో మాయే," అంది. "మీకు నానే ఇచ్చినాను."

తర్వాత నా వైపు చూసింది.

"రెండు రోజులు మోసినాను బాబూ. మెడ ఇప్పటికీ తిరగట్నేదు. ఆ రెండు రోజులూ మీరు కంచె కాడే ఉన్నారు."

మా బావే మధ్యలోకి వచ్చాడు.

"సెల్లీ, తిట్టాలంటే ఈయన్ని కూకోబెట్టి నిదానంగా తిట్టు. ఎక్కడికీ పోడు. మొక్కలు మాత్రం బేగి సూడాల."

"తిడితే మొక్క లేస్తాదేటి అన్నా," అంది ఆమె. చీర ముక్క దులిపి బకెట్లు చూపించింది. "పురుగులు నాకియ్యండి, కోళ్లకేసుకుంతాను. మొక్కలు మీరు బతికించండి."

మా బావ పది గంటల బస్సు తప్పిపోయింది. మా మనుషుల్లో ఒకడు బండి మీద తీసుకెళ్లాడు.

మర్నాడు బుధవారం. ఆ రోజు నుంచి ప్రతి బుధవారం మేమిద్దరం ఆమె తోటలో ఉన్నాం. మూడేళ్ల మొక్క మొవ్వు మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. చెట్టెక్కనక్కర్లేదు. అందుకే ఆ పని ఆయన చేయగలిగాడు. మొవ్వు దగ్గర నమిలిన పీచు బయటికి పొడుచుకొచ్చి ఉంటే లోపల పురుగు ఉన్నట్టు. సన్నని ఇనప ఊస కొసను కొక్కెంలా వంచి, ఆ రంధ్రంలోకి పోనిచ్చి, మెల్లగా తిప్పి లాగాలి. తొందరపడితే పురుగుకు బదులు లేతాకు ఊడి వస్తుంది. మొదటి మూడు మొక్కల దగ్గర నేను లేతాకే లాగాను. ఆయన నా చేతిలోంచి ఊస తీసుకోలేదు. నా మణికట్టు పట్టుకుని తిప్పించాడు. తర్వాత రంధ్రంలో ఇసుక, వేప పిండి కలిపి నింపేవాళ్లం. మధ్యాహ్నం ఆమె టీ తెచ్చేది. ఆయనకు సగం గ్లాసు. ఎవరు చెప్పారో నాకు తెలియదు. నాకు మొదటి నెలంతా తేలేదు. రెండో నెలలో తెచ్చింది.

మొత్తం పదకొండు మొక్కలు పోయాయి. వాటి బదులు మేం కొత్త మొక్కలు తెస్తామంటే, మీరు ఎంచితే నాకొద్దు బాబూ అని తనే సోంపేట వెళ్లి ఎంచుకొచ్చింది. మేం ఆటో పెట్టాం. ఆ ఏడు యార్డులో తయారైన ఆకు ఎరువులో మొదటి వాటా ఆమె గోతికే పోసి, గొయ్యి నింపాం.

స్కూలు హెడ్మిస్ట్రెస్‌కు కూడా నేనే వెళ్లి చెప్పాను. ఒప్పందం పోతుందనే అనుకున్నాను. ఆవిడ అంతా విని, ఆ రెండు రకాల పురుగుల్నీ సీసాలో తెచ్చి పిల్లలకు చూపించగలరా అని అడిగింది. మా బావ వెళ్లి చూపించాడు. గోనె సంచి పరిచి, ఏది ఎలా పాకుతుందో పిల్లల చేతే చెప్పించాడు. ఆ పిల్లల్లో చాలామందివి కొబ్బరి తోటలే. ఇంటికి వెళ్లి తమ గోతులు తవ్వి చూశారట. ఎవరూ అగ్గిపెట్టె పట్టుకోలేదు. మా యజమాని అంచనా తప్పింది. ఆ మాట ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

పద్ధతి మార్చుకున్నాం. కొబ్బరి మొద్దు యార్డులోకి వస్తే వారంలోపే చీల్చి, ఎండబెట్టి పొయ్యిల వాళ్లకు ఇచ్చేస్తాం. అవీ కాలతాయి, కాకపోతే అన్నం వండి కాలతాయి. కుప్పలను పన్నెండు రోజులకొకసారి అంచుతో సహా తిరగేస్తాం. పైన వల కప్పుతాం. అక్కుపల్లిలో చిరిగిన చేపల వలలు అడిగితే ఇస్తారు. ఎగిరి వచ్చిన కొమ్ము పురుగు కొమ్ము ఆ వలలో చిక్కుకుంటుంది. ఆ ఉపాయం మా బావది. ఏ పుస్తకంలో ఉందో అని నేను వెతికాను. ఎక్కడో ఉండే ఉంటుంది. అప్పటికి ఆయన చేసేశాడు.

ఈ పని నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆకును మట్టిలోకి తిరిగి పంపడం మంచి పని. మంచి పని చేస్తున్నామనే నమ్మకమే మన కళ్లకు అడ్డం పడుతుంది. చెత్త తగలబెట్టిన రోజుల్లో నా పని మీద నాకు అనుమానం ఉండేది. కంపోస్టు మొదలుపెట్టాక పోయింది. అప్పుడే తప్పు చేశాను. దీనికి కంపోస్టు మానేయడం మందు కాదు. కుప్పలో చేయి పెట్టి చూడాలి. పక్కనున్నవాడు చూశానంటే వినాలి.

మా బావ పోయి పద్నాలుగు నెలలైంది. శుక్రవారం ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన గురించి రాయమని మా యార్డు పిల్లలు అడిగారు. మనిషి గురించి రాయడం నాకు చేతకాదు. రాయబోతే పెద్ద మాటలు వస్తాయి, అవి ఆయనకు నప్పవు. ఆయన చేసిన పని గురించి రాయగలను, అది రాశాను. దినం రోజున ఆమె వచ్చి, అందరితోపాటు కూర్చుని, వెళ్లేటప్పుడు నాతో ఒక్కమాట అంది. ఆయన పట్టుకున్న మొక్క ఒక్కటీ పోలేదు బాబూ అంది. లెక్క చూస్తే అది నిజమే. పోయిన పదకొండూ మేం మొదలుపెట్టే సరికే లోపల చచ్చిపోయినవి.

నిరుడు ఆమె తోటలో మొదటి గెలలు దిగాయి. భర్త హైదరాబాదు నుంచి వచ్చేశాడు. నేను ఉద్యోగం మానేశాను. మొవ్వులు ఇప్పుడు మనిషి చేతికి అందని ఎత్తుకు పోయాయి. ఈ ఏడు తొలకరి తర్వాత తోటంతా తిరిగి చూశాం, ఒక్క కమ్మలోనూ కోత లేదు. ఆమె తోటలో బుధవారం తనిఖీ ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.